పీపా వాటీ యాభై ఏళ్ళ సరుకు

బాల్‌ఫిండీలో వాల్టర్ డూగిడ్ అనే పేరు ఓటర్ల జాబితాలో తప్ప మరెక్కడా వినిపించదు. ఊరందరికీ అతను పీపా వాటీ. స్పే నది మలుపులో విస్కీ కాచే ఒక డిస్టిలరీ, రెండు వీధులు, ఒక చర్చి, ఒక హోటలు ఉన్న ఆ ఊళ్ళో అడ్డపేరు లేని మనిషి లేడు. కానీ మిగతావాళ్ళంతా ఏదో ఒక తెలివితక్కువ పని చేసి ఆ పేరు తెచ్చుకున్నవాళ్ళు. కళ్ళు కూడా సరిగ్గా తెరవకముందే అడ్డపేరు సంపాదించినవాడు వాటీ ఒక్కడే.

అతను పుట్టిన ఏడు డిస్టిలరీకి గడ్డుకాలం. ముసలి యజమాని కొత్త సంవత్సరం బోనసు ఇవ్వలేక, బట్టీల దగ్గర పనిచేసేవాళ్ళకి తలా ఒక పీపా సరుకు రాసిచ్చి చేతులు దులుపుకున్నాడు. అప్పుడే కాచి దించిన సరుకు నీళ్ళలా తెల్లగా ఉంటుంది, గొంతు కోసేస్తుంది. ఓక్ పీపాలో పోసి చలి గోడౌన్లో ఏళ్ళ తరబడి పడుకోబెడితే గాని దాన్ని విస్కీ అనరు. అంత ఓపిక ఎవరికుంది? నెల తిరక్కుండానే అందరూ తమ పీపాలు అమ్ముకుని పిల్లలకి బూట్లో, ఇంటికి బొగ్గో కొనుక్కున్నారు. వాటీ తండ్రి చార్లీ మాత్రం గుమాస్తా బల్ల ముందు నిలబడి, "మావాడి పేరు రాయండి. వాడికి యాభై ఏళ్ళొచ్చేదాకా ఎవడూ బిరడా ముట్టుకోకూడదు. నేనొచ్చి బతిమాలినా సరే తీయొద్దు" అన్నాడు.

"యాభై ఎందుకయ్యా చార్లీ? ఇరవై ఒకటి చాలదా?" అని గుమాస్తా అడిగాడు.

"ఇరవై ఒకటికి వాడికి బుద్ధుండదు. నలభైకి తీరికుండదు. యాభైకి ఆ రెండూ లేకపోయినా కనీసం దాహమన్నా ఉంటుంది."

ఆ సంగతి సాయంత్రానికల్లా ఊరంతా పాకింది. ఉయ్యాలలో పసివాణ్ణి చూడడానికి వచ్చినవాళ్ళు వాడి ముక్కు తండ్రిదా తల్లిదా అని చూడలేదు. ఇంకా ఎన్నేళ్ళు బతికితే ఆ పీపా తెరిచే రోజు చూడగలమా అని వేళ్ళ మీద లెక్కలు వేసుకున్నారు.

అప్పటినుంచి వాటీ జీవితం కాస్త వాలుగా ఉన్న రోడ్డు మీద సైకిల్లా నడిచింది, పెద్దగా తొక్కనక్కర్లేకుండా. బంతి వస్తుంటే పక్కకి తప్పుకునే కుర్రవాడైనా ఫుట్‌బాల్ జట్టులోకి తీసుకున్నారు. బడిలో లెక్కలు తప్పితే, "పోనీలే, వాడికి వేరే దారుంది" అన్నారు. మాంసం కొట్టు గెడ్డిస్ ఎప్పుడు సాసేజీలు తూచినా, తూకం అయ్యాక ఇంకొకటి పొట్లంలో వేసి కన్ను కొట్టేవాడు. "ఆ రోజున నన్ను మర్చిపోకు" అనేవాడు. గెడ్డిస్ చనిపోయాక కొట్టుకొచ్చిన కొడుకు గెడ్డిస్‌కి కత్తులతో పాటు ఈ అలవాటు కూడా వారసత్వంగా వచ్చింది. వాటీ స్కూలు బస్సు డ్రైవరయ్యాడు. మంచులో బస్సును గుంటలో దించిన రోజున కూడా ఊరివాళ్ళు మంచునే తిట్టారు. పచ్చిక మీద బంతులు దొర్లించే బౌల్స్ క్లబ్బుకి అతన్ని అధ్యక్షుణ్ణి చేశారు. అతను దొర్లించిన బంతి ఒక్కోసారి పక్క క్లబ్బు పూలమొక్కల్లో తేలేది.

పెళ్ళి కూడా అలాగే జరిగింది. నెట్టా తండ్రి అంతకుముందు ఇద్దరు కుర్రవాళ్ళని గుమ్మంలోంచే తరిమేసిన మనిషి. వాటీని చూడగానే మొహం చిట్లించి, "నువ్వు ఎవరి తాలూకు?" అన్నాడు. "చార్లీ డూగిడ్ కొడుకునండీ" అనగానే పొయ్యి దగ్గరున్న కుర్చీ ఖాళీ చేసి అతన్ని కూర్చోమన్నాడు. పెళ్ళయిన పాతికేళ్ళకి కూడా కోపమొచ్చినప్పుడు నెట్టా ఆ మాటే అంటుంది: "మా నాన్న నన్ను నీకివ్వలేదు, నీ పీపాకిచ్చాడు."

ఇంతమంది ఇన్నేళ్ళు ఎదురుచూసిన ఆ విస్కీ సొంతదారుకి విస్కీ అంటే పెద్ద పట్టింపు లేదు. శనివారం హోటలు బార్‌కి వెళ్ళి అన్నిటికన్నా చవకైనది ఒకటి పోయించుకుని, గ్లాసు నిండేదాకా నిమ్మసోడా కలుపుకుని, ఫుట్‌బాల్ చూస్తూ తాగేవాడు. వాళ్ళ నాన్నా అంతే. ఆ ఊళ్ళో విస్కీ కాచిన సగంమంది అలాగే తాగేవాళ్ళు.

దాన్ని సహించలేనివాడు ఫార్కర్ మాస్టారు. ఊరి బడిలో హెడ్మాస్టరుగా రిటైరై, దిద్దడానికి పిల్లలు లేక, విస్కీ మీద పడ్డాడు. కోటు పై జేబులో పెన్ను ఉండే చోట తులిప్ పువ్వు ఆకారం గ్లాసు పెట్టుకు తిరిగేవాడు. లోపలి జేబులో కంటి మందు సీసా లాంటి సీసాలో ఊట నీళ్ళు. హోటలు వెనక గదిలో ప్రతి మంగళవారం ఏడెనిమిది మందిని కూర్చోబెట్టి ఆయన నడిపేదాని పేరు బాల్‌ఫిండీ ఆఘ్రాణ మండలి.

వాటీకి నలభై తొమ్మిదేళ్ళు నిండగానే మాస్టారు బస్సు దగ్గరికే వచ్చాడు.

"ఒరే వాటీ, వచ్చే జనవరికల్లా దేశంలో మహామహులకి దొరకని సరుకు నీ చేతికొస్తుంది. దాన్నిండా నిమ్మసోడా పోస్తావా? ఊరి పరువేం కాను? మంగళవారం నుంచి క్లాసుకి రా."

చిన్నప్పుడు ఆయన చేతి బెత్తం రుచి చూసినవాడు కాబట్టి వాటీ వెళ్ళాడు.

మాస్టారు పాఠం మొదలుపెట్టాడు. గ్లాసు కాడ పట్టుకోవాలి, పొట్ట పట్టుకుంటే వేడెక్కుతుంది. ముందు వెలుతురుకి పెట్టి రంగు చూడాలి. వంచి తిప్పితే లోపలి గోడ మీద ధారలు ఎంత నెమ్మదిగా దిగుతున్నాయో చూడాలి. తర్వాత నోరు కొంచెం తెరిచి, ఒక ముక్కు రంధ్రంతో ఒకసారి, రెండోదాంతో ఒకసారి వాసన పీల్చాలి. చుక్క నీళ్ళు వేసి మళ్ళీ పీల్చాలి. అప్పుడు గాని నోట్లో పోసుకోకూడదు. పోసుకున్నాక, విస్కీకి ఎన్నేళ్ళ వయసో అన్ని సెకన్లు నాలుక మీద నిలపాలి.

"అంటే నా పీపాలోది యాభై సెకన్లా మాస్టారూ?"

"యాభై సెకన్లే."

మాస్టారు అంతసేపు మాట్లాడకుండా ఉండడం చూడడానికైనా ఆ రోజు రావాల్సిందేనని వెనక బెంచీలో ఎవరో అన్నారు.

"సరే, ఇప్పుడు వాసన చూడు. ఏం తెలుస్తోంది?"

"విస్కీ వాసనండీ."

"అది బయట బోర్డు మీదే రాసుంది. ఇంకా లోపలికి వెళ్ళు. నాకైతే పాత గుర్రపు జీను, మగ్గిన బేరిపండు, వాన వెలిసిన రాళ్ళగోడ, కొంచెం దూరంలో మైనం..."

"ఇవన్నీ ఇందులో ఎవరు పడేశారండీ?"

మండలి సభ్యులు కిసుక్కున నవ్వారు. మాస్టారు నవ్వలేదు. మూడు మంగళవారాలు అలాగే గడిచాయి. నాలుగోసారి వాటీకి విసుగొచ్చి, నోటికొచ్చింది అన్నాడు: "వాన పడ్డ రోజు పొద్దున నా బస్సులా ఉంది."

మాస్టారు కళ్ళు మూసుకున్నాడు. "తడిసిన ఉన్ని! భేష్! రాసుకోండి, తడిసిన ఉన్ని!"

ఏడుగురూ రాసుకున్నారు. ఆ రోజుతో వాటీకి కిటుకు తెలిసిపోయింది. తర్వాత వారం చివరి సీటు కింద మిగిలిపోయిన అరటితొక్క, ఆ పై వారం తడి బూట్లు, ఆ తర్వాత హీటరు మీద ఎండిన దుమ్ము. అన్నిటికీ శభాష్‌లే. ఒకసారి పరీక్షించి చూద్దామని "డీజిల్" అన్నాడు. ముగ్గురు వెంటనే తమకీ తగిలిందన్నారు. నాలుగోవాడు మాత్రం, తనకది పెట్రోలులా అనిపిస్తోందని వాదన పెట్టుకున్నాడు.

నవంబరు చివర్లో డిస్టిలరీ మేనేజరు ఐల్సా రియాక్ వాటీకి ఫోను చేసి భార్యతో సహా రమ్మంది. ముప్ఫై దాటని మనిషి, సూటిగా మాట్లాడే రకం. టీ పోసి ఇచ్చి, బిస్కట్ల పళ్ళెం జరిపి, గొంతు సవరించుకుంది.

"సీసాల్లో పోసేముందు తప్పదు కాబట్టి, మొన్న మొదటిసారి బిరడా తీసి మీ పీపాని కొలిచాం. యాభై ఏళ్ళలో చాలా భాగం గాల్లో కలిసిపోతుందని మీకు తెలిసిందే. మూడో వంతు కూడా మిగల్లేదు. అది మామూలే. సమస్య అది కాదు."

"మరి?"

"దాని ఘాటు కూడా తగ్గిపోయింది. చట్టం ప్రకారం స్కాచ్ విస్కీ అనాలంటే నూటికి నలభై పాళ్ళు ఆల్కహాలు ఉండాలి. మీదాంట్లో ముప్ఫై తొమ్మిది కూడా లేదు."

వాటీకి అర్థం కాలేదు. "అయితే?"

"అయితే అది విస్కీ కాదండీ."

నెట్టా బిస్కట్టు సగంలో కొరకడం ఆపేసింది.

"విస్కీ కాకపోతే మరేంటమ్మా అది?" అన్నాడు వాటీ.

"చట్టం భాషలో... స్పిరిట్ పానీయం."

"ఇన్నేళ్ళు విస్కీగా ఉండి ఇప్పుడు పానీయం అయిందా? ఎప్పుడయింది?"

"రెండు మూడేళ్ళ కిందట అయుండొచ్చు. బిరడా తీయొద్దని మీ నాన్నగారు గట్టిగా చెప్పి వెళ్ళారు. మొన్నటిదాకా ఎవరూ తీయలేదు, చూడలేదు."

నెట్టా మిగతా సగం బిస్కట్టు నోట్లో వేసుకుంది. "నీ దగ్గరికి వచ్చినవన్నీ ఇంతే వాటీ. మెల్లగా నీరసపడిపోతాయి."

ఐల్సా నవ్వు ఆపుకుని ఒక ఉపాయం చెప్పింది. అదే డిస్టిలరీలో కాచిన పదేళ్ళ సరుకు ఘాటైనది ఒక చిన్న బకెట్టు కలిపితే చాలు, మొత్తం నలభై దాటుతుంది, మళ్ళీ దర్జాగా విస్కీ అవుతుంది. ఒకే డిస్టిలరీ సరుకు కాబట్టి సింగిల్ మాల్ట్ కూడా అవుతుంది.

"అయితే కలిపేయండి!" అన్నాడు వాటీ, కుర్చీలో ముందుకి జరిగి.

"ఒక చిక్కుంది. కలిపినవాటిలో ఏది చిన్నదో దాని వయసే సీసా మీద వేయాలి. అంటే మీది పదేళ్ళ విస్కీ అవుతుంది."

వాటీ నెమ్మదిగా ఆలోచించాడు. "అంటే నాకు యాభై వచ్చినా, ఐదో తరగతి పిల్లాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుంటే నేనూ ఐదో తరగతేనా?"

"మనుషుల సంగతి తెలీదు. విస్కీ సంగతి అంతే."

ఆ మాట ఇంటికి చేరేలోపే ఊరికి చేరింది. శనివారం మధ్యాహ్నానికి ఊరి హాలు కిటకిటలాడింది. వంతెన మరమ్మతు గురించి మీటింగు పెడితే నలుగురు వచ్చే హాలది. జనం వచ్చేసరికే రెండు పక్షాలుగా చీలిపోయి వచ్చారు. నడవకి ఎడమ పక్క కలపొద్దనే యాభై ఏళ్ళవాళ్ళు, కుడి పక్క కలపమనే పదేళ్ళవాళ్ళు.

"వయసు గొప్పదా, పేరు గొప్పదా?" అని మాస్టారు లేచాడు. "అర్ధ శతాబ్దం మౌనంగా తపస్సు చేసిన ద్రవాన్ని, నిన్నగాక మొన్న పుట్టిన సరుకుతో మైల చేస్తారా? చట్టం దాన్ని ఏమన్నా అననీ, మనకది విస్కీయే!"

గెడ్డిస్ లేచాడు. కొట్టు మధ్యలో వదిలేసి వచ్చాడు, ఏప్రన్ మీద రక్తం మరకలు అలాగే ఉన్నాయి. "మాస్టారూ, మీకేం, మీరు వీడికి బెత్తం దెబ్బలు తప్ప ఏమీ ఇవ్వలేదు. మా నాన్న, నేను కలిసి వీడికి పెట్టిన సాసేజీలు చుడితే ఈ హాలు చుట్టూ తిరిగొస్తాయి. అవన్నీ విస్కీ కోసం పెట్టాం. పానీయం కోసం కాదు. పానీయం నా కొట్టు ఫ్రిజ్‌లో కూడా ఉంది, ఆరెంజి రంగులో!"

"పదేళ్ళది తాగడానికి యాభై ఏళ్ళు ఎందుకాగాం? హోటల్లో ఉంది కదా పదేళ్ళది!" అని ఎడమ పక్కనుంచి కేక.

"విస్కీయే కానిదానికి వయసెందుకు? మా నాయనమ్మ ఊరగాయ జాడీ కూడా యాభై ఏళ్ళదే!" అని కుడి పక్కనుంచి.

వాటీ వేదిక మీద కుర్చీలో చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చున్నాడు. అతని పీపా గురించి ఇంత వాదన జరుగుతుంటే, ఒక్కరూ అతని వైపు చూడలేదు. గంటసేపటికి గొంతులు బొంగురుపోయాక నెట్టా లేచింది.

"నాకో చిన్న సందేహం. మీలో ఎవరన్నా దాన్ని రుచి చూశారా?"

హాలంతా చల్లబడింది. వయసు గురించి, చట్టం గురించి, ఊరి పరువు గురించి ఆలోచించారు గాని, అది నోట్లో పోసుకునే వస్తువన్న సంగతి ఎవరికీ తట్టలేదు.

ఆ వచ్చే శనివారం పొద్దున్నే గోడౌన్‌కి ఐదుగురు వెళ్ళారు. వాటీ, నెట్టా, యాభై పక్షానికి మాస్టారు, పది పక్షానికి గెడ్డిస్, తాళాలతో ఐల్సా. లోపల మట్టినేల, మూడు వరసల్లో పీపాలు, నల్లబూజు పట్టిన గోడలు, ఎముకల్లోకి దిగే చలి. వాటీ పీపా కింది వరసలో మూలకి ఉంది. బిళ్ళ మీద అతని పేరు, పుట్టిన ఏడు. దాన్ని అతను జీవితంలో మొదటిసారి చూస్తున్నాడు. అతనిలాగే నడుము దగ్గర కొంచెం ఉబ్బి ఉంది.

ఐల్సా చెక్క సుత్తితో అటూ ఇటూ కొట్టి బిరడా లేపింది. పొడవాటి రాగి గొట్టం దించి, పై చివర బొటనవేలితో మూసి, బయటికి తీసి గ్లాసుల్లోకి వదిలింది. బాగా మరిగించి మరిగించి మర్చిపోయిన టీ రంగు.

"అబ్బ! ఏం రంగు!" అన్నాడు మాస్టారు. తన గ్లాసు తలుపు వెలుతురుకి పట్టుకున్నాడు, వంచాడు, తిప్పాడు. కుడి రంధ్రం, ఎడమ రంధ్రం. నీళ్ళ సీసా తీశాడు, ఏమనుకున్నాడో మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. నోట్లో పోసుకుని చేతిగడియారం వైపు చూస్తూ నిలబడ్డాడు.

పది సెకన్లకి ఆయన కనుబొమలు లేచాయి. ఇరవైకి చెవులు ఎర్రబడ్డాయి. ముప్ఫైకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నలభైకి ఒక కాలు దానంతటదే నేలని తన్నడం మొదలుపెట్టింది. అయినా మనిషి నియమం తప్పలేదు. యాభై అయ్యాక మింగి, పక్క పీపా మీద చెయ్యి ఆనించి, చాలాసేపు ఊపిరి పీల్చుకుని, "గంభీరం" అన్నాడు.

గెడ్డిస్ ఒక్క గుక్కలో తాగి కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. రెండు తరాల సాసేజీలు అతని మొహంలో కదిలి వెళ్ళాయి. "బ్రహ్మాండం" అన్నాడు, గొంతు రాసుకుంటూ.

నెట్టా కొంచెం చప్పరించింది. "బీరువా."

"ఏంటమ్మా?" అన్నాడు మాస్టారు.

"మా అమ్మమ్మగారి బీరువా."

"ఖచ్చితంగా! పాత ఓక్, లావెండర్, తరతరాల జ్ఞాపకాల పరిమళం..."

"అది కాదు మాస్టారూ. ఆ బీరువా వెనక పక్క నాలుకతో నాకితే ఎలా ఉంటుందో అలా ఉందంటున్నాను."

ఐల్సా గొట్టాన్ని తుడిచే నెపంతో అటు తిరిగింది.

అందరూ వాటీ వైపు చూశారు. అతను ఒక గుక్క తాగాడు. చేదు, వగరు, నాలుక మీద రంపపు పొట్టు పోసినట్టు. ఇంకో గుక్క తాగాడు, మొదటిది పొరపాటేమోనని. పొరపాటు కాదు. తను పుట్టినప్పటినుంచి ఊరివాళ్ళు నవ్వు మొహం పెట్టిందీ, కుర్చీ ఇచ్చిందీ, బౌల్స్ పోటీల్లో చప్పట్లు కొట్టిందీ దీని కోసమా అనుకుంటే, నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు. వాళ్ళ నాన్న మీద జాలేసింది. ఇరవై ఒకటికే తీయించి ఉంటే పాపం బతికుండగా ఆయనా ఒక గ్లాసు తాగేవాడు.

"నెట్టా, సంచిలో నిమ్మసోడా తెచ్చావా?"

"ఒరే!" అన్నాడు మాస్టారు.

నెట్టా తెచ్చింది. గ్లాసు నిండా కలిపాడు, తాగాడు, కాసేపు ఆగాడు. తల అడ్డంగా ఊపాడు. "లాభం లేదు. సోడా కూడా దీనికి లొంగిపోయింది."

బయటికి వచ్చాక గేటు దగ్గర మగవాళ్ళు ముగ్గురూ నిలబడిపోయారు. ఊరికి ఏం చెప్పాలి? పది పక్షం నాయకుడు గెడ్డిస్సే ముందు నోరు తెరిచాడు. "మాస్టారూ, పదేళ్ళ మంచి సరుకు ఒక బకెట్టు ఇందులో పోయడం పాపం. వద్దు. యాభైగానే ఉండనిద్దాం." జీవితంలో మొదటిసారి వాళ్ళిద్దరికీ ఒక మాట మీద కుదిరింది. మాస్టారు కోటు సర్దుకుని, "ఎవరన్నా అడిగితే, దాన్ని వర్ణించడానికి మాటల్లేవని చెప్దాం. అబద్ధం కూడా కాదు" అన్నాడు.

వర్ణించడానికి మాటల్లేవట అన్న మాట సాయంత్రానికి ఊరంతా తిరిగింది. మాస్టారికే మాటల్లేకపోతే అది ఎంత గొప్పదై ఉండాలో అని జనం గుటకలు మింగారు.

జనవరిలో వాటీ పుట్టినరోజుకి హాలంతా రంగు కాగితాలు కట్టారు. ఐల్సా కాగితాల పని అంతా చూసి సరుకుని సీసాల్లో పోయించి పంపింది. చీటీ మీద స్పిరిట్ పానీయం అన్న అక్షరాలు ఎంత చిన్నగా వేయొచ్చో అంత చిన్నగా వేయించింది. బ్యాగ్‌పైప్ ఊదారు. వాటీ చేతిలో గ్లాసు ఎత్తి, "మా నాన్నకి" అన్నాడు. అందరూ తాగారు.

ఆ తర్వాత హాల్లో పడిన నిశ్శబ్దం చర్చిలో కూడా ఎప్పుడూ పడలేదు. ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. ఇన్నేళ్ళు పెట్టిన సాసేజీలు, వరస దాటించి కత్తిరించిన జుట్టు, క్షమించిన బస్సు ప్రమాదాలు అందరికీ ఒక్కసారే గుర్తొచ్చాయి. ముందు ఎవరో "ఆహా" అన్నారు. ఇంకెవరో "ఇది మామూలు నాలుకలకి అందేది కాదు" అన్నారు. పాస్టరుగారు సృష్టికర్త సహనం ఇందులో కనిపిస్తోందన్నారు. మండలివాళ్ళు తడిసిన ఉన్ని తగిలిందన్నారు. శవపేటికలు చేసే మిల్న్ మాత్రం గ్లాసు కిందపెట్టి, "కలప మంచి రకం" అని ఊరుకున్నాడు. రెండో గ్లాసు ఒక్కరూ అడగలేదు. విందు అయ్యాక సీసాల్లో మందు మిగిలిపోవడం బాల్‌ఫిండీ చరిత్రలో అదే మొదలు.

సోమవారం గెడ్డిస్ సాసేజీలు తూచాడు. ముల్లు సరిగ్గా మధ్యలో నిలబడేదాకా చూశాడు. ఒకటి తీసి సగానికి కోసి, సగం వెనక్కి పెట్టుకున్నాడు. కన్ను కొట్టలేదు. గురువారం మంగలి, ఇకమీదట ముందుగా చెప్పి రమ్మన్నాడు. నెలాఖరుకి బౌల్స్ క్లబ్బువాళ్ళు అధ్యక్ష పదవికి ఎన్నిక పెట్టడం ఆరోగ్యకరమని తీర్మానించారు. వాటీకి నాలుగు ఓట్లు పడ్డాయి. ఒకటి తనదే. గెలిచినవాడికి ఆట వచ్చు.

ఆ రోజు వంటింట్లో బల్ల ముందు కూర్చుని వాటీ, "పీపా అయిపోయింది. ఇంక నువ్వేం చేస్తావ్ నెట్టా?" అని అడిగాడు. సరదాకి అడిగినట్టే అడిగాడు గాని, జవాబు కోసం ఆగాడు.

"నేనెక్కడికి పోతాను? నీ పానీయం సీసాలన్నీ నా వంటింట్లోనే కదా పేర్చావు. కాలు పెట్టడానికి చోటేదీ?" అంది. అతని పళ్ళెంలో ఉడికించిన బంగాళదుంపలు ఇంకో రెండు వేసింది. అతనికి అంత ఊరట పెళ్ళి రోజున కూడా కలగలేదు.

ఆ సీసాల్ని ఆమె కేకుల్లోకి ఎండు ద్రాక్ష నానబెట్టడానికి వాడేసింది. వగరంతా ద్రాక్ష తీపిలో ఎటుపోయిందో పోయింది. డిసెంబరులో చర్చి నిధుల కోసం పెట్టిన అమ్మకంలో ఆ కేకులు తలుపులు తీసిన పావుగంటకి మిగల్లేదు. మాస్టారు రెండు ముక్కలు తిని, మూడోది రుమాల్లో చుట్టుకుని, కేకు గురించి ఒక్క విశేషణం కూడా వాడకుండా ఇంటికి పోయాడు.

వాటీ మంగళవారాలు మానలేదు. ఎవరూ రమ్మనకపోయినా వెళ్ళాడు. ఇప్పుడతను పరువు నిలపాల్సిన సొంతదారు కాదు, మాస్టారు అతన్ని ప్రశ్నలు అడగడం కూడా మానేశాడు. వెనక బెంచీలో, కిటికీ పక్కన కూర్చుని, ముక్కు గ్లాసులో పెట్టుకుని పది నిమిషాలు ఊరికే ఉండొచ్చు. పిల్లల అరుపులు లేని పది నిమిషాలు అతనికి వారం మొత్తంలో అవే.

మరుసటి ఏడు మార్చిలో ఒక మంగళవారం బాల్‌ఫిండీ పన్నెండేళ్ళది పోశారు. ఊళ్ళో అందరికీ తెలిసిన మామూలు సరుకు. చుక్క నీళ్ళు వేసి వాసన చూసేసరికి, వెచ్చటి గంజి, తడి సున్నపు గోడ, రాగి, కొంచెం చెమట. బట్టీల పని నుంచి వచ్చి గుమ్మంలో వంగి తనని ఎత్తుకున్నప్పటి వాళ్ళ నాన్న మెడ. వాటీ తల ఎత్తలేదు. ముందు బెంచీలో మాస్టారు మగ్గిన బేరిపండు గురించి చెబుతున్నాడు, మిగతావాళ్ళు రాసుకుంటున్నారు. చెబితే దీన్నీ రాసుకుంటారని వాటీ నోరు విప్పలేదు. మెల్లగా, పూర్తిగా తాగాడు. నిజంగా బాగుంది. గ్లాసు తనే కడిగి బోర్లించి, టోపీ పెట్టుకుని, పొద్దున్నే బస్సు తీయాలని ఇంటికి బయలుదేరాడు.